ఒడ్డున ఒరిగిన ఓడ బొమ్మలో ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చిన బొమ్మ ఒకటుంది. ఒడ్డున ఒరిగిపోయిన తెరచాప ఓడని నల్ల సిరాతో గీసింది. చూసినవాళ్లంతా బాగుందంటారు, మీకూ బాగానే అనిపిస్తుంది. కానీ రంగుల్లేవు కాబట్టి రెండు నిమిషాల్లో చూడటం అయిపోతోంది. ఇంకా ఏం చూడాలి? అసలు అది చేత్తో గీసిందేనా, అచ్చు బొమ్మా?

సూటిగా చెప్తాను. ఓడ బరువు మీకు తెలుస్తోందా? మొదట చూడాల్సింది అదే. నీళ్ల మీద ఉన్నప్పుడు ఎంత పెద్ద ఓడైనా కంటికి తేలిగ్గానే కనిపిస్తుంది. నీరు దిగిపోయి ఇసుక మీద కూర్చుందో, అప్పటిదాకా సముద్రం మోసిన వందల టన్నులూ ఒక్కసారిగా బయటపడతాయి. ఆ మార్పుని రంగు లేకుండా, రబ్బరుతో చెరిపే వీలు లేకుండా, ఒక్క పాళీ మొనతో చూపించాలి. అది సాధించిన బొమ్మ అయితే దాని ముందు అరగంట కూర్చోవచ్చు. సాధించకపోతే తాళ్లూ చెక్కలూ ఎన్ని గీసినా అది ఓడ పటమే.

నేను ముప్పై ఏళ్లుగా పాళీ, సిరాతోనే బొమ్మలు వేస్తున్నాను. పదిహేనేళ్లుగా నేర్పిస్తున్నాను కూడా. పడవలు, ఓడలు నాకు ఇష్టమైన విషయం. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, తీరిగ్గా చదవండి.

ఓడ పైభాగం జోలికి ఇప్పుడే వెళ్లకండి. అందరి కళ్లూ ముందు స్తంభాల మీదకి, తాళ్ల మీదకి పోతాయి. మీరు ఓడ పొట్ట ఇసుకని తాకే చోటుకి వెళ్లండి. అక్కడ గీత ఎలా ఉంది? ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే మందంతో తెగకుండా సాగిందంటే, ఓడని కత్తిరించి ఇసుక మీద అంటించినట్టు ఉంటుంది. బాగా గీసినవాళ్లు అక్కడ గీతని ఊపిరి పీల్చనిస్తారు. బరువంతా దిగిన చోట చిక్కటి నలుపు. కాస్త పక్కకి వచ్చేసరికి గీత తెగిపోతుంది, ఇసుకా చెక్కా ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఇంకాస్త అవతల మళ్లీ సన్నగా మొదలవుతుంది.

ఇంకో సంగతి కూడా అక్కడే కనిపిస్తుంది. ఓడ పడి కొన్నాళ్లైతే అలలు వస్తూ పోతూ దాని చుట్టూ ఇసుకని తవ్వేస్తాయి. నీళ్లు వెనక్కి తగ్గాక ఆ గుంటలో మడుగు మిగులుతుంది. నిజంగా ఒడ్డున నిలబడి చూసి గీసినవాళ్లు ఆ మడుగుని వదిలిపెట్టరు. మీ బొమ్మలో పొట్ట కింద నిశ్చలమైన నీరు, అందులో చెక్కల ప్రతిబింబం కనిపిస్తే, ఆ ఓడ నిన్న మొన్న పడింది కాదు. మడుగు లేకుండా, తెరచాపలు ఇంకా కొయ్యలకే వేలాడుతూ ఉంటే, ప్రమాదం జరిగి గంటలే అయ్యుంటుంది.

ఇక ఒరుగుదల. ఇక్కడే చాలా బొమ్మలు దొరికిపోతాయి.

ఓడ ఒరిగితే దానికి బిగించినవన్నీ దాంతోపాటే ఒరుగుతాయి: స్తంభాలు, అడ్డకొయ్యలు, బిగువుగా కట్టిన తాళ్లు. కానీ వదులుగా వేలాడే తాడు చివర్లు, కప్పీలు మాత్రం నిట్టనిలువుగా నేల వైపే వేలాడతాయి. మేస్త్రీ వేలాడదీసే తూకం గుండు ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. స్తంభం ఒక దిక్కుకి, దాని పక్కనే వేలాడే తాడు ఇంకో దిక్కుకి పోతుంటే, ఆ రెండిటి మధ్య కోణంలోనే మీ కడుపులో ఓడ ఒరిగినట్టు అనిపిస్తుంది. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి చాలా ఓపిగ్గా మూడు వారాలు కూర్చుని ఇలాంటి ఓడ గీసింది. ప్రతి చెక్కా, ప్రతి మేకూ ఉన్నాయి. అయినా ఏదో తప్పుగా ఉందని తనకే అనిపించి తెచ్చింది. కాగితాన్ని కాస్త తిప్పి చూశాం. వెంటనే ఓడ నిటారుగా, హాయిగా నిలబడింది! వేలాడే తాళ్లన్నీ స్తంభానికి సమాంతరంగా ఉన్నాయి. నిలబడ్డ ఓడని చూసి గీసి, ఆ బొమ్మని వంచి ఇసుక మీద పెట్టింది, అంతే. తాళ్లు పది పన్నెండు మార్చి మళ్లీ గీసింది. మిగతాదంతా అదే బొమ్మ, కానీ ఈసారి చూస్తే ఓడ పడిపోయి ఉంది.

ఏ వైపు ఒరిగిందో కూడా చూడండి. మీకు ఓడ పైతట్టు, అంటే డెక్కు కనిపిస్తుంటే అది ఒడ్డు వైపు, మీ వైపు ఒరిగింది. అడుగుభాగం, వెన్నుదూలం కనిపిస్తుంటే సముద్రం వైపు ఒరిగింది. నావికులకి ఈ తేడా ప్రాణాల మీది మాట. ఒడ్డు వైపు ఒరిగితే అలల దెబ్బ పొట్ట కాచుకుంటుంది, మనుషులు డెక్కు మీద ఆ చాటున నిలబడగలరు. సముద్రం వైపు ఒరిగితే ప్రతి అలా నేరుగా డెక్కు మీదే విరుచుకుపడుతుంది. ఈ సంగతి తెలిశాక చూస్తే, బొమ్మలో చిన్న చిన్న మనుషులు ఏ మూల గుంపుగా ఉన్నారో, ఎందుకున్నారో అర్థమవుతుంది.

సముద్రం చివరి గీతని, అంటే ఆకాశం కలిసే గీతని మర్చిపోకండి. చదునైన ఒడ్డున నిలబడి చూసేవాడికి ఆ గీత ఎప్పుడూ తన కంటి ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి అది ఓడని ఎక్కడ కోస్తుందో చూస్తే, చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. దాన్నిబట్టి ఓడ ఎత్తు కూడా లెక్క కట్టొచ్చు. గీత పొట్టని ఇసుక నుంచి నాలుగో వంతు ఎత్తులో కోసిందనుకోండి. నిలబడ్డ మనిషి కన్ను సుమారు ఐదు అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే ఆ పొట్ట ఇరవై అడుగుల గోడ. ఒడ్డు కొంచెం వాలుగా ఉంటుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా ఓడ మన మీదకి వంగినట్టు ఎందుకనిపిస్తుందో దీనితో తెలుస్తుంది. అదే గీత స్తంభాల మీదుగా పోతుంటే, అతను ఏ కొండ మీద నుంచో కిందకి చూస్తూ గీశాడు. అప్పుడు అదే ఓడ చిన్న జీవిలా కనిపిస్తుంది. ఈ ఎంపిక మొదటి గీత పడకముందే జరిగిపోతుంది, బొమ్మ మనసు సగం దానితోనే తేలిపోతుంది.

ఒక మాట. ఒడ్డున ఉన్న ఓడలన్నీ ప్రమాదంలో పడ్డవి కావు. అడుగు చదునుగా ఉండే ఓడల్ని పోటు మీద ఒడ్డుకి తెచ్చి, నీళ్లు తగ్గాక సరుకు దింపుకుని, మళ్లీ పోటుకి తేలించుకుని పోవడం ఒకప్పుడు రోజువారీ పని. ఇంగ్లండు దక్షిణ తీరంలో బొగ్గు ఓడలు ఇలాగే ఒడ్డెక్కి సరుకు దించేవి, ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1820లలో అక్కడ వాటిని చూసి గీశాడు. అడుగున పేరుకున్న నాచుని, గుల్లల్ని గీకడానికి కావాలనే పక్కకి ఒరిగించడం కూడా ఉండేది. అందుకని ఆధారాలు వెతకండి. బళ్లు, గుర్రాలు, నిచ్చెనలు, తీరిగ్గా నిలబడ్డ మనుషులు ఉంటే అది పని జరుగుతున్న ఓడ. విరిగిన స్తంభం, చిరిగిన గుడ్డ, చెల్లాచెదురుగా పీపాలు ఉంటే ఆపద. నాకు అన్నిటికంటే నచ్చే ఆధారం ఇంకోటుంది: ఓడ నుంచి సముద్రం వైపు బిగువుగా సాగిన తాడు. దాని చివర నీళ్ల అడుగున లంగరు ఉంటుంది. చిన్న పడవలో లంగరుని దూరంగా తీసుకెళ్లి వేసి, పోటు వచ్చినప్పుడు ఆ తాడు లాగుతూ ఓడని వెనక్కి తేలించే ప్రయత్నం చేస్తారు. ఆ ఒక్క తాడు గీసి ఉందంటే ఓడ మీదవాళ్లు ఇంకా ఆశ వదులుకోలేదన్నమాట.

పోటు కూడా అన్నిసార్లూ ఒక్కలా ఉండదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా పైకి వస్తుంది. అలాంటి పెద్ద పోటు మీద ఒడ్డెక్కిన ఓడ, మళ్లీ అంత నీరు రావాలంటే సుమారు రెండు వారాలు ఆగాలి. మీ బొమ్మలో నీటి అంచుకి, ఓడకి మధ్య ఎంత ఇసుక ఉందో చూడండి. ఆ ఖాళీ ఇసుక ఊరికే వదిలేసిన జాగా కాదు, ఓడ ఎన్నాళ్లు ఎదురుచూడాలో చెప్పే జాగా.

ఇప్పుడు గీతల దగ్గరికి వద్దాం. సిరా బొమ్మకి రంగు లేదన్నారు. నిజమే. దానికున్నవి రెండే: సిరా నలుపు, కాగితం తెలుపు. మధ్యలోని బూడిద రంగులన్నీ మన కళ్లు కల్పించుకునేవి. సన్నగీతలు దగ్గర దగ్గరగా వేస్తే ముదురుగా, దూరం దూరంగా వేస్తే లేతగా కనిపిస్తాయి. ఒక వరుస మీద ఇంకో వరుస అడ్డంగా వేస్తే, క్రాస్‌హ్యాచింగ్ అంటాం, ఇంకా ముదురు. ఇంతవరకూ ఎవరైనా నేర్చుకుంటారు. తేడా గీతల దిక్కులో ఉంటుంది. ఓడ పక్కన చెక్కల పొడవునా, అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా సాగే గీతలు ఓడకి పొడవునిస్తాయి. పొట్ట వంపుని అనుసరించి పైనుంచి కిందకి జారే గీతలు గుండ్రదనాన్నిస్తాయి. రెండూ కలిసినచోట చెక్క వంగి బిగిసినట్టు తెలుస్తుంది. ఇసుకకి అడ్డంగా పొట్టి గీతలు, తడి ఇసుకలో కనిపించే ప్రతిబింబానికి మాత్రం నిలువు గీతలు, అవీ మధ్యమధ్యలో తెగి. అన్నిచోట్లా ఒకే ఏటవాలు గీతలు నింపేసి ఉంటే చెక్కా ఇసుకా మబ్బూ ఒకే గుడ్డతో కుట్టినట్టు ఉంటాయి.

గీతలు చూశాక, గీయకుండా వదిలేసిన చోట్లు చూడండి. సిరాతో తెలుపు గీయలేం, కాపాడుకోవాలి. తడి ఇసుక మీద మెరుపు, చిరిగిన తెరచాప మీద పడిన ఎండ, నురగ, ఇవన్నీ మొదటి నుంచీ ముట్టుకోకుండా ఉంచిన కాగితమే. పొట్ట కింది నీడలో కూడా మంచి చిత్రకారుడు ఒక సన్నటి లేతపట్టీ వదులుతాడు, ఎందుకంటే తడి ఇసుక నుంచి వెలుగు తిరిగి పైకి కొడుతుంది. నీడలో ఆ చిన్న వెలుగు లేకపోతే పొట్ట కింద గుహ ఉన్నట్టుంటుంది. ఒకసారి కళ్లు సగం మూసి, పది అడుగుల దూరం నుంచి చూడండి. గీతలు మాయమై, నలుపు తెలుపు ముద్దలుగా మిగులుతాయి. అన్నిటికంటే చిక్కటి ముద్ద ఎక్కడుంది? చిత్రకారుడు మిమ్మల్ని తీసుకెళ్లాలనుకున్నది అక్కడికే.

పాత ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. డచ్ చిత్రకారుడు విలెం వాన్ డ వెల్డ (1611–1693; కొడుకుదీ ఇదే పేరు, నేను చెప్పేది తండ్రి గురించి) తెల్లటి పూత పూసిన చెక్క పలకల మీద, కాన్వాసు మీద కలంతో పెద్ద పెద్ద ఓడ చిత్రాలు గీశాడు. నౌకాదళాల వెంట చిన్న పడవలో వెళ్లి యుద్ధం జరుగుతుండగానే స్కెచ్చులు వేసుకునేవాడు. 1672–73 చలికాలంలో కొడుకుతో కలిసి ఇంగ్లండు చేరాడు. అక్కడ రాజు రెండో ఛార్లెస్ ఇద్దరికీ ఏడాదికి చెరో వంద పౌండ్ల జీతం ఏర్పాటు చేశాడు. తండ్రికి సముద్ర యుద్ధాల రేఖాచిత్రాలు గీసినందుకు, కొడుక్కి వాటిని రంగుల్లోకి మార్చినందుకు. గీతకీ రంగుకీ ఒకే జీతం! రంగు లేదు కాబట్టి తక్కువేమో అన్న అనుమానం మీ మనసులో ఎక్కడైనా ఉంటే తీసేయండి.

దానికి పూర్తిగా వేరే దారి ఇంకో డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోది. 1888 జూన్‌లో ఫ్రాన్సు దక్షిణ తీరంలో సాంత్-మరీ ఒడ్డున నిలిపిన నాలుగు చేపల పడవల్ని, తెల్లవారుజామున, రెల్లు కలంతో గీశాడు. కొలతలేవీ పెట్టుకోకుండా కలాన్ని దాని దారిన పోనిచ్చి గంటలో ముగించానని తమ్ముడు తెయోకి రాశాడు. తర్వాత రంగుల్లో వేయడానికి ఆ గీతల మధ్యే రంగుల పేర్లు కూడా రాసుకున్నాడు. వాన్ డ వెల్డ గీతలో తాడు లెక్కపెట్టుకోవచ్చు. వాన్ గో గీతలో ప్రతి తాడూ ఉండదు కానీ పడవ ఇసుక మీద కూర్చుందని మాత్రం గట్టిగా తెలుస్తుంది. మీ బొమ్మ ఈ రెండిట్లో ఏ వైపుకి దగ్గరో చూసుకోండి. వివరం ఎక్కువుంటే గొప్ప, తక్కువుంటే తక్కువ అన్న కొలత పెట్టుకోవద్దు.

ఇక చేత్తో గీసిందా, అచ్చా అన్నది. దీనికి పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం చాలు. చేత్తో గీసిన గీతలో ఇవి కనిపిస్తాయి: గీత ఆగిన చోట సిరా చిన్న బొట్టులా చేరి ముదురుగా ఉంటుంది. పాళీని గట్టిగా నొక్కిన చోట రెండు మొనలు విడిపోయి, అంచుల్లో రెండు సన్నటి ముదురు జాడలు మిగులుతాయి. సిరా పల్చగా ఉంటే రెండు గీతలు దాటుకున్న చోట ఇంకాస్త ముదురుతుంది. కొన్నిచోట్ల సిరా కాగితం పోగుల్లోకి సన్నగా పాకి ఉంటుంది. అలా కాకుండా భూతద్దంలో క్రమంగా పేర్చిన చుక్కలు కనిపిస్తే అది అచ్చు. బొమ్మ చుట్టూ కాగితం లోపలికి నొక్కుకుని దీర్ఘచతురస్రపు అంచు కనిపించి, గీతలు కొద్దిగా పైకి ఉబ్బినట్టుంటే (గీతల్ని మాత్రం తాకకండి, పక్క నుంచి వెలుతురు పెట్టి చూడండి) అది రాగి పలక మీద గీసి, ఆ గీతల్ని ఆమ్లంతో తినిపించి అచ్చు తీసిన ఎచింగ్ కావచ్చు. ఎచింగ్ అయితే నిరాశపడకండి, అదీ చేతిపనే.

సిరా గోధుమ రంగులో ఉందా? పాత రోజుల్లో ఎక్కువగా వాడింది మాచికాయ, ఇనుప లవణం కలిపి చేసిన సిరా. గీసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలి నల్లబడి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. కొన్నిసార్లు కాగితాన్నే తినేస్తుంది. మసితో చేసిన ఇండియా ఇంక్ మాత్రం నల్లగానే ఉండిపోతుంది. కాబట్టి గోధుమ రంగు చూసి చిత్రకారుడు అదే కోరుకున్నాడని అనుకోవద్దు, ఒకప్పుడు ఆ నీడలు ఇంకా చిక్కగా ఉండి ఉండొచ్చు. ఫ్రేములో కాగితం అద్దానికి అంటుకుని ఉంటే తెలిసినవాళ్లతో విడదీయించి, మధ్యలో ఆమ్లం లేని అట్ట పెట్టించండి. ఎండ పడే గోడ మీద ఉంటే ఈరోజే తీసేయండి. కాగితం మీద బొమ్మలకి మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్ దగ్గరే వెలుతురు ఉంచుతాయి. అది మన గదుల్లో వెలుతురు కంటే బాగా తక్కువ.

చివరగా నా క్లాసులో అందరిచేతా చేయించేది ఒకటి చెప్తాను. బొమ్మలో రెండంగుళాల ముక్క ఎంచుకుని, పాళీతో మీరే కాపీ చేయండి. బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు. నేను మొదటిసారి ఇలా చేసింది ఒక ఓడ అమరం దగ్గర, చుక్కాని ఇసుకలో దిగబడిన చోటు. చూస్తే ఇరవై గీతలు అనిపించింది. గీయడం మొదలుపెట్టాక తెలిసింది, చుక్కాని నీడలో ఒక్కో గీతా కింద మందంగా మొదలై, పైకి పోయేసరికి వెంట్రుకంత సన్నగా ముగుస్తోంది. అంటే ఆ బొమ్మ గీసిన చిత్రకారుడు ప్రతి గీతనీ ఇసుక నుంచి పైకి లాగాడు. బరువు కిందే ఉంది కాబట్టి చేతి బలమూ కిందే పెట్టాడు. నేను అన్నీ పైనుంచి కిందకి లాగాను, నా చుక్కాని గాల్లో తేలింది. ఆరోసారికి గానీ అది ఇసుకలో దిగలేదు. ఆ తర్వాత ఆ బొమ్మని నేను ఎప్పుడు చూసినా నా చూపు ముందు ఆ మూలకే పోతుంది.

వీలైతే మూడు ఫొటోలు పెట్టండి: మొత్తం బొమ్మ ఒకటి, పొట్ట ఇసుకని తాకే చోటు దగ్గర నుంచి ఒకటి, వేలాడే తాళ్లు ఉన్నచోటు ఒకటి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా తీయండి. చూసి, అది ఏ పాళీతో గీసి ఉంటారో, ఓడ ఆపదలో ఉందో పనిలో ఉందో నాకు తోచింది చెప్తాను.